పరుపు మీద పిల్లి మూత్రం: మరకా వాసనా రెండూ వదిలించడం ఎలా

ఉతికి ఎండలో వేసినప్పుడు ఏ వాసనా ఉండదు. నాలుగు రోజులకు ముసురు పట్టగానే పరుపు మళ్లీ కంపు కొడుతుంది. దీనికి కారణం యూరిక్ ఆమ్లం. మూత్రంలోని యూరియా నీళ్లకు కరిగి పోతుంది కానీ ఇది అంత తేలిగ్గా కరగదు. ఆరాక పోగుల మధ్య సన్నని పలుకులుగా మిగిలిపోయి, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా వాసన లేపుతుంది. పిల్లి మూత్రంలోనైతే గంధకం కలిసిన పదార్థాలు కూడా ఉంటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లులది మరీ ఘాటుగా ఉండేది అందుకే.

తడి ఆరకముందే చూస్తే సగం పని అయినట్టే. రుద్దకండి, రుద్దితే పక్కలకు పాకుతుంది. పాత తువ్వాలును నాలుగు మడతలు వేసి గట్టిగా అదమండి. అది తడిశాక పొడిది మార్చి మళ్లీ అదమండి. తువ్వాలుకు తడి అంటనంతవరకూ ఇదే పని.

దుప్పట్లు, గలీబులు సులువు. ముందు చన్నీళ్లలో జాడించండి. ఒక వంతు తెల్ల వెనిగర్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి, తడిసిన భాగాన్ని అరగంట నానబెట్టండి. వెనిగర్ మూత్రంలోని అమ్మోనియా ఘాటును విరుస్తుంది, అంతే. యూరిక్ ఆమ్లాన్ని అది ఏమీ చేయలేదు. కాబట్టి అక్కడితో ఆగకుండా శుభ్రంగా జాడించి, ఎంజైములు (మరకను విడగొట్టే పదార్థాలు) ఉన్న డిటర్జెంట్‌తో గోరువెచ్చని నీళ్లలో, అంటే 30-40 డిగ్రీల దగ్గర, ఉతకండి. సలసల కాగే నీళ్లు పోస్తే ఎంజైములు పాడైపోతాయి, మరక కూడా బట్టలో నాటుకుపోతుంది. ఆరేసే ముందు తడిబట్టను వాసన చూడండి. ఏమాత్రం కంపున్నా మళ్లీ ఉతకాల్సిందే. వాసన పోయేదాకా డ్రైయర్, ఇస్త్రీ వద్దు.

అసలు చిక్కు పరుపుతోనే. పైన అరచేయంత కనిపించే మరక లోపల అంతకు రెట్టింపు పాకి ఉండవచ్చు. అందుకే పైపైన స్ప్రే కొడితే లాభం లేదు, మూత్రం ఎంత లోతుకు దిగిందో మందూ అంత లోతుకు దిగాలి. పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది. లేబుల్ మీద ఎంజైమ్ అన్న మాట లేకపోతే అది ఉత్త సెంటు కావచ్చు, కొనకండి. ముందు వెనిగర్, సబ్బు లాంటివి వాడి ఉంటే తడిబట్టతో తుడిచేయండి. మరక చుట్టూ ఇంకో బెత్తెడు మేర కూడా కలుపుకుని, క్లీనర్ బాగా ఇంకేలా పోయండి. పైన ప్లాస్టిక్ షీటు కప్పి, లేబుల్ మీద చెప్పినంతసేపు ఉంచండి. పాత మరకైతే రాత్రంతా ఉంచినా మంచిదే. ఎంజైములు తడిలోనే పనిచేస్తాయి, ఫ్యాను కింద గంటలో ఆరిపోతే డబ్బు దండగ. ఆ తర్వాత తువ్వాలుతో అదిమి, పరుపును గోడకు నిలబెట్టి రెండు వైపులా గాలి తగలనివ్వండి. ఫోమ్ పరుపును మండుటెండలో పెట్టకండి, పచ్చబడి పెళుసెక్కుతుంది.

వాసన పోయినా తెల్లబట్ట మీద పసుపు మచ్చ మిగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది 6 శాతం ద్రావణం. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. అలా కలిపిన 250 మిల్లీలీటర్లకు మూడు చెంచాల వంటసోడా, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ చేర్చి, మచ్చ మీద పావుగంట ఉంచి, తడిబట్టతో అద్ది తీయండి. మిగిలింది పారబోయాలి. సీసాలో పోసి మూత బిగిస్తే వాయువు నిండి పగలవచ్చు. రంగు బట్టయితే ముందు ఓ మూల పరీక్షించండి, వెలిసిపోయే ప్రమాదం ఉంది. ఎంజైమ్ క్లీనర్‌తో కలిపి మాత్రం వాడకండి, పెరాక్సైడ్ దాన్ని చంపేస్తుంది.

దూది పరుపుకు ఇవన్నీ సగమే పనిచేస్తాయి. ఎక్కువ తడిపితే లోపలి దూది ఉండలు కట్టి, ఆరక, బూజు పడుతుంది. మూత్రం లోతుకు దిగితే కుట్లు విప్పి, తడిసిన దూది తీసి పారేయడమే మంచిది. మిగతా దూదిని ఎండబెట్టి ఏకించి, గుడ్డ ఉతికి, తక్కువైనంత కొత్త దూది కలిపి కుట్టించుకోండి. కొత్త పరుపు కొనడం కన్నా ఇది చాలాసార్లు చవక.

బ్లీచింగ్ జోలికి అసలు పోకండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. ఫినాయిలూ వద్దు. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది కనుక, పాదాలకు అంటింది కడుపులోకి పోతుంది.

పాత మరక ఎక్కడుందో తెలియకపోతే రాత్రి లైట్లు ఆపి అతినీలలోహిత టార్చి వేయండి, ఆ చోటు మెరుస్తుంది. శుభ్రం చేశాక పరుపుకు నీరు దిగని కవరు తొడగండి. అయినా పిల్లి పదేపదే పక్క మీదే పోస్తుంటే మూత్రనాళంలో ఇబ్బంది ఉందేమో పశువైద్యుడికి చూపించండి. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది ప్రాణం మీదికొచ్చే పరిస్థితి.