మీ చేతికి సరిపోయేలా స్టైలస్ ప్రెషర్ ఎట్టా సెట్ చేసుకోవాలి?

ఒంగోలు గిత్త గంగడోలు గీస్తున్నారనుకోండి. గొంతు కింద సన్నగా మొదలైన గీత మడత దగ్గర ముదరాలి, ముందుకాళ్ల మధ్యకొచ్చేసరికి వెంట్రుకలా తేలిపోవాలి. గ్రాఫిక్స్ ట్యాబ్లెట్ మీద అదే గీత మొదటినుంచి చివరిదాకా ఒకే లావున, కరెంటు తీగలా వస్తుంది. లేదంటే సన్నగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి బొద్దుగా మారిపోతుంది. శనాదివారాల్లో కావలి నుంచి ఒంగోలు వచ్చి నా దగ్గర బొమ్మలు నేర్చుకునే కుర్రాడు రెండు వారాలు ఇట్టాగే అవస్థపడి, "అన్నా, నా చేతికి ఈ పని రాదేమో" అన్నాడు. మా ఇంట్లో ఒక మార్కాపురం పలక ఉంది. బలపం ఇచ్చి దాని మీద గిత్తను గీయమన్నాను. మూపురం వంపు, గంగడోలు మడతలు ఒక్క ఊపులో దించేశాడు. ఆ చేతికి ఒత్తిడి తెలుసు. దాన్ని ట్యాబ్లెట్ సరిగ్గా అందుకోవడం లేదంతే.

స్టైలస్, అంటే ట్యాబ్లెట్ పెన్ను, మోపిన ఒత్తిడి తెర మీద గీతగా మారేలోపు మూడు చోట్ల ఆగుతుంది. మొదట ట్యాబ్లెట్ డ్రైవర్ (ట్యాబ్లెట్‌ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం), తర్వాత క్రిటా, ఫొటోషాప్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, చివరికి మీరు పట్టుకున్న బ్రష్. చెరువు తూము, కాలువ, పొలం మడవ అనుకోండి. తూము సగం మూసేసి మడవ ఎంత వెడల్పు చేసినా పొలానికి నీళ్లు రావు. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి. డ్రైవర్‌లో కాస్త, సాఫ్ట్‌వేర్‌లో కాస్త, బ్రష్‌లో కాస్త మార్చి, చివరికి ఏది దేన్ని చెడగొట్టిందో తెలియక కూర్చుంటారు. కాబట్టి ముందు మూడింటినీ మొదటి స్థితికి తెచ్చి, ఆ తర్వాత ఒక్కచోటే మార్చాలి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఇంతకు ముందు వేరే కంపెనీ ట్యాబ్లెట్ వాడి ఉంటే దాని డ్రైవర్ పూర్తిగా తీసేయండి. రెండు డ్రైవర్లు ఒకదానికొకటి అడ్డుపడితే ప్రెషర్ అసలు పనిచేయకపోవచ్చు. కొత్తది ఎక్కించాక కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి.

విండోస్‌లో పెన్ను కాసేపు అదిమి ఉంచితే చుట్టూ చిన్న వలయం వస్తుంది. అది రైట్ క్లిక్ కోసం పెట్టింది. గీత మొదట్లో వచ్చే తడబాటుకి తరచూ అదే కారణం. కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయండి. గీత వణుకుతుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి మళ్లీ గీసి చూడండి. వణుకు పోయిందంటే సమస్య కరెంటు వైపుంది. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గుకి మార్చాలి.

రోహిణి కార్తెలో మన వైపు ఎట్టా ఉంటుందో చెప్పక్కర్లేదు. అరచేయి చెమటకి ట్యాబ్లెట్‌కి అతుక్కుంటే, చేయి జరపడానికి తెలియకుండానే ఎక్కువ బలం పెడతాం. ఆ చేత్తో సెట్ చేసిన ప్రెషర్ శీతాకాలంలో పనికిరాదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు కప్పే గ్లవ్ దొరుకుతుంది. పాత మేజోడు కత్తిరించి తొడుక్కున్నా సరిపోతుంది.

మీ చేతి ఒత్తిడి ఎంతో తెలుసుకోండి

అసలు పని ఇక్కడుంది, తొందరపడొద్దు. మీది వాకమ్ కంపెనీ ట్యాబ్లెట్ అయితే దాని డ్రైవర్‌లో టిప్ ఫీల్ స్లైడర్‌ని మధ్యలో పెట్టండి. హుయాన్, ఎక్స్‌పీపెన్ కంపెనీల డ్రైవర్లలో ప్రెషర్ గీతని, అంటే ఎంత బలానికి ఎంత ఒత్తిడి అందాలో చూపే గ్రాఫ్‌ని, మూలనుంచి మూలకి తిన్నగా ఉంచండి. పది నిమిషాలు ఊరికే గీయండి. సున్నాలు, ముగ్గులు, మీ సంతకం, ఏదైనా సరే. చేయి వేడెక్కకుండా కొలిస్తే తప్పుడు కొలత వస్తుంది.

తర్వాత క్రిటాలో సెట్టింగ్స్, కన్ఫిగర్ క్రిటా, ట్యాబ్లెట్ సెట్టింగ్స్ తెరవండి. క్రిటా ఉచితం కాబట్టి దాంతోనే చెబుతున్నాను. అక్కడి ఇన్‌పుట్ ప్రెషర్ గీత కూడా తిన్నగా ఉండాలి. ట్యాబ్లెట్ టెస్టర్ నొక్కితే మీరు గీసే కొద్దీ పక్కన అంకెలు వస్తాయి. అందులో ప్రెషర్ ఎంత శాతమో కనిపిస్తుంది. మూడు రకాల గీతలు పదేసి గీయండి: తాకీ తాకనట్టు, మామూలుగా, గట్టిగా. గట్టిగా అంటే బొటనవేలు నొప్పి పుట్టేంత కాదు, బొమ్మలో నల్లటి నీడకి మీరు మామూలుగా పెట్టేంత. గీసేటప్పుడు అంకెల వైపు చూడొద్దు. చూస్తే చేయి అబద్ధం చెబుతుంది.

నా లెక్క ఇది: తాకీ తాకనట్టు గీసింది 10 శాతం లోపు, మామూలు గీత 40 నుంచి 60 మధ్య, గట్టి గీత నొప్పి లేకుండా 95 దాటాలి. పరీక్షల కోసం ఏళ్లపాటు బాల్‌పెన్ను అదిమి రాసినవాళ్లకి మామూలు గీతే 80 చూపిస్తుంది. ఎనామిల్ పెయింటుతో బోర్డులు రాసిన చేతులు దీనికి పూర్తిగా వేరు. కుంచె వెంట్రుకలు విరగకుండా గీసే అలవాటు కాబట్టి ఎంత గట్టిగా అనుకున్నా 50 దాటవు.

అంకెలు అసలు కదలకపోతే ప్రెషర్ రావడం లేదన్నమాట. విండోస్‌లో అదే ట్యాబ్లెట్ సెట్టింగ్స్ పేజీలో ప్రెషర్‌ని అందుకోవడానికి విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని రెండు దారులుంటాయి. ఒకటి మార్చి, క్రిటాని మూసి తెరిచి చూడండి.

గీత వంచడం

ప్రెషర్ గీతలో అడ్డంగా ఉన్నది మీరు పెట్టిన బలం, నిలువుగా ఉన్నది సాఫ్ట్‌వేర్‌కి అందేది. గీతని పైకి ఉబ్బిస్తే కొద్ది బలానికే లావు వస్తుంది. తేలిక చేతులకి ఇది. కిందికి వంచితే గట్టిగా అదిమితేనే లావవుతుంది, బరువు చేతులకి ఇది. కింది కొసని కుడివైపు జరిపితే, పొరపాటున తాకినప్పుడు పడే మరకలు పోతాయి. పై కొసని ఎడమకి జరిపితే పూర్తి బలం పెట్టకుండానే పూర్తి లావు వస్తుంది.

ఈ వంపు డ్రైవర్‌లోనే చేయండి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా అదే చేయి పలుకుతుంది. ఒకసారికి ఒక కొసే, అదీ కొంచెమే జరపాలి. నేను మొదటి ఏడాదంతా ఏదీ ముట్టుకోకుండా అదిమి గీస్తూ బొటనవేలి మొదట్లో నొప్పి తెచ్చుకున్నాను. పై కొసని కాస్త ఎడమకి జరిపాక ఆ నొప్పి నెమ్మదిగా తగ్గింది. అందుకే అందరికీ ముందు ఆ కొసనే చూడమంటాను.

పెట్టె మీద రాసే 2048, 4096, 8192 లెవెల్స్ (ఒత్తిడిని ఎన్ని మెట్లుగా కొలుస్తుందో చెప్పే అంకెలు) గురించి దిగులొద్దు. 2048 లెవెల్స్ ట్యాబ్లెట్ మీద వంపు కుదిరితే, కుదరని 8192 కన్నా మంచి గీత వస్తుంది.

బొమ్మ మీద పరీక్ష

ముందు గిత్త మూపురం, గంగడోలు. పెన్ను ఎత్తకుండా ఒక్కో గీత, సన్నం నుంచి లావు, మళ్లీ సన్నం. మధ్యలో మెట్టులా ఎగిరితే ఆ చోట వంపు మరీ నిటారుగా ఉంది, కాస్త సాగదీయండి.

రెండోది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. నల్లటి రాయి మీద బంగారు చుక్కలుంటాయి చూడండి, అవి పెన్ను కొసతో తాకీ తాకనట్టు పెట్టాలి. పది చుక్కల్లో రెండు మూడు పడకపోతే కింది కొసని మరీ కుడికి జరిపారు, వెనక్కి తెండి. తర్వాత అదే రాయి మీద వెలుగు జారినట్టు నలుపు నుంచి బూడిద రంగుకి నీడ దించండి. ఇది లావుకి కాదు, రంగు చిక్కదనానికి పరీక్ష. క్రిటాలో ఎఫ్5 నొక్కి బ్రష్ ఎడిటర్‌లో ఒపాసిటీకి ప్రెషర్ పెట్టాలి. ఫొటోషాప్‌లో లావుకి షేప్ డైనమిక్స్, చిక్కదనానికి ట్రాన్స్‌ఫర్ అనే చోట్ల కంట్రోల్‌ని పెన్ ప్రెషర్ చేయాలి. డ్రైవర్ కుదిరాక ఒక్క బ్రష్ మాత్రమే మొండికేస్తే అప్పుడే ఆ బ్రష్ ప్రెషర్ గీత ముట్టుకోండి.

కుదిరిన వంపుని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు అది చెరిగిపోవచ్చు. పెన్ను గాల్లో ఉండగానే గీత పడుతుంటే నిబ్ (పెన్ను కొసన ఉండే ముక్క) లోపల ఇరుక్కుందేమో చూడండి. లాగి, తుడిచి మళ్లీ పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఒకవైపు అరిగి పలకబారిన నిబ్ ట్యాబ్లెట్‌ని గీకుతుంది. కొత్తది వేశాక ఆ మూడు రకాల గీతలు పదేసి మళ్లీ గీసి అంకెలు చూసుకోండి.