పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే ఏం చేయాలి? పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టం) కింద కేసు ఎలా పెట్టాలి?

పిల్లలు ఇలాంటి విషయం ఒక్కసారిగా చెప్పరు. కడుపునొప్పి అంటారు, ట్యూషన్‌కు వెళ్లనంటారు, ఫలానా మామయ్య ఇంటికొస్తే గదిలోకి పోయి తలుపు వేసుకుంటారు. ఉత్తర తెలంగాణలో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల పనిలో ఉండే ఇళ్లు ఎన్నో. అలాంటి ఇంట్లో ఆ సగం మాట మొదట వినేది నాయనమ్మో, బడిలో టీచరో. విన్నవాళ్లు చేయాల్సినవి ఇవి.

ముందు వినండి

మధ్యలో అడ్డు తగలకండి. "ఎందుకు అరవలేదు?", "ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?" అన్న మాటలు నోటికి రానివ్వకండి. "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు" అనండి. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకండి, అది నిలబెట్టుకోలేరు. బిడ్డ చెప్పింది బిడ్డ మాటల్లోనే రాసి తేదీ వేయండి. ఒంటి భాగాలకు ఇంట్లో వాడే పేర్లు చెబితే అవే రాయండి. ఆ తర్వాత మేనత్త ముందు ఒకసారి, పెదనాన్న ముందు ఒకసారి అదే కథ చెప్పించకండి. చెప్పిన ప్రతిసారీ బిడ్డ ఆ బాధ మళ్లీ పడుతుంది. పేరు బయటపడిన మనిషి ఇంటికి వెళ్లి నిలదీయకండి. ఫోనులో ఉన్నవి చెరిపేసుకోవడానికి, బెదిరించడానికి అతనికి సమయం దొరుకుతుంది.

ఈమధ్యే జరిగితే నేరుగా ఆసుపత్రికి

స్నానం చేయించకండి. ఆ బట్టలు ఉతకకుండా, ప్లాస్టిక్ కవరులో పెట్టకుండా కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ఉంది, మిగతా చోట్ల దగ్గరున్న ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి కాబట్టి తెల్లారనిద్దాం అనుకోకండి. ప్రైవేటు ఆసుపత్రి అయినా చికిత్స ఉచితంగా చేయాల్సిందే. ఎఫ్‌ఐఆర్ ఉంటేనే చూస్తామనడానికి వీల్లేదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, బిడ్డ నమ్మే పెద్దవారొకరు పక్కన ఉండాలి.

పోలీసులకు చెప్పండి

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయవచ్చు, లేదా ఏ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసేది) రాయమనండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కేసు రాయకపోతే వరంగల్ లాంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనర్‌కు, మిగతా జిల్లాల్లో ఎస్పీకి లిఖితపూర్వకంగా పంపండి. వచ్చిన ఫిర్యాదును నమోదు చేయకపోవడం పోక్సో చట్టం కిందే నేరం. తెలిసీ చెప్పకుండా ఉన్నవారికీ ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. బడి, హాస్టల్ లాంటి సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు ఉండదు.

వాంగ్మూలం కోసం బిడ్డను స్టేషన్‌కు తీసుకెళ్లనవసరం లేదు. ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. ఏ కారణంతోనూ రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పోలీసులు 24 గంటల్లో జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. పక్కన ఉండి నడిపించే సహాయక వ్యక్తిని ఆ కమిటీ నియమించగలదు, కావాలని అడగండి. కౌన్సెలింగ్‌కు, న్యాయ సలహాకు బాధిత మహిళలు, పిల్లల కోసం నడిచే భరోసా, సఖి కేంద్రాలున్నాయి.

పెద్దమనుషులు పంచాయితీకి పిలిస్తే

వెళ్లకండి. ఇంత డబ్బు ఇప్పిస్తాం, కేసు వద్దు అంటారు. "ఊళ్లో తెలిస్తే రేపు పిల్ల పెళ్లెలా?" అంటారు. కానీ పంచాయితీ అంటేనే ఊరంతా వినడం కదా! పోక్సో కేసులో రాజీకి చోటు లేదు. బిడ్డ పేరు, ఫొటో, చిరునామా, బడి పేరు బయటపెట్టిన మీడియా శిక్షకు గురవుతుంది. వాట్సాప్‌లో పంపమని అడిగే చుట్టాలకూ ఇవేవీ ఇవ్వకండి. నిందితుడు సొంత బంధువైనప్పుడు ఒత్తిడి ఇంట్లోంచే వస్తుంది. అప్పుడు బిడ్డ పక్షాన ఒక్కరు గట్టిగా నిలబడినా చాలు.

కోర్టులో

ప్రత్యేక కోర్టు తలుపులు మూసి విచారిస్తుంది. సాక్ష్యం చెప్పేటప్పుడు బిడ్డకు నిందితుడు ఎదురుపడకుండా చూస్తారు. లాయర్లు ప్రశ్నలను జడ్జికి ఇస్తే జడ్జే బిడ్డను అడుగుతారు. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని 2012 నాటి ఈ చట్టం చెబుతోంది. ఆచరణలో ఆలస్యాలుంటాయి, అయినా వేగం అసాధ్యమేమీ కాదు. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాపపై జరిగిన ఘోరంలో వరంగల్ కోర్టు ఆగస్టులోనే తీర్పు చెప్పింది.

పరిహారం కోసం తీర్పు దాకా ఆగనవసరం లేదు. ఎఫ్‌ఐఆర్ నమోదయ్యాక ఎప్పుడైనా మధ్యంతర పరిహారం ఇప్పించమని ప్రత్యేక కోర్టును కోరవచ్చు. తిండికి, బట్టలకు, రాకపోకలకు వెంటనే డబ్బు అవసరమైతే బాలల సంక్షేమ కమిటీని అడగండి. కమిటీ సిఫారసు చేస్తే ఆ సాయం వారంలోపు అందాలి.