తినే వేళలు పాటించినా తగ్గని బరువు: నాకు పనిచేసిన మార్పు

రోజుకు 16 గంటలు ఉపవాసం ఉండి, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తింటున్నప్పటికీ, మొదట కాస్త తగ్గిన నా బరువు ఆ తరువాత కదలకుండా నిలిచిపోయింది. పైగా పడుకునే వేళకు ఆకలి మళ్ళీ మొదలయ్యేది. తినే వ్యవధిని 6 గంటలకు కుదించడం, చక్కెర లేని కాఫీతో ఆకలిని అణచడం, నడక పెంచడం ఏవీ ఫలించలేదు.

వేళలను ముట్టుకోకుండా, తిన్న ప్రతిదాన్నీ కొన్నాళ్ళు తూచి రాసుకున్న తరువాతే దారి దొరికింది. గడువు ముగిసిపోతోందన్న తొందరలో, ఆకలి లేకున్నా రాత్రి 7 తరువాత తినే చిరుతిండి వల్లనే కేలరీలు మిగులుతున్నాయని తేలింది. అందుచేత మొదటి భోజనాన్ని ఉదయం 10కి జరిపి, అందులో ప్రోటీన్ మోతాదు పెంచి, అది అలవాటయ్యాకనే చివరి భోజనాన్ని అరగంట చొప్పున తగ్గిస్తూ సాయంత్రం 6కు తెచ్చాను. ఈ వరుస ముఖ్యమని నా అభిప్రాయం; పగలు కడుపు నిండనిదే రాత్రి కోత నిలవదు.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన 139 మంది ఊబకాయుల ఏడాది అధ్యయనంలో, కేలరీలు తగ్గించుకుంటూ ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకే తిన్నవారు, వేళల నియమం లేకుండా అంతే కేలరీలు తగ్గించుకున్నవారి కంటే చెప్పుకోదగినంత అదనంగా తగ్గలేదు. కాబట్టి నా విషయంలోనూ గడియారం కంటే ఆగిపోయిన చిరుతిండిదే ఎక్కువ పాత్ర కావచ్చు. ఇన్సులిన్ లేదా మధుమేహం మాత్రలు వాడేవారికి ఉపవాసంలో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉన్నందున, వారు వైద్యుని అడగకుండా దీనిని మొదలుపెట్టకూడదు.