ఉచిత కోర్సుతో కోడింగ్: వీడియో మూసి టైప్ చేయండి
అమీర్‌పేటలో ఫీజు కట్టే ముందు ఒక్క ఉచిత కోర్సు పట్టుకుని నెల రోజులు కూర్చోండి. హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సు సీఎస్50 గానీ, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఒక కోర్సు గానీ. ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు.

పది నిమిషాలు చూశాక వీడియో మూసేసి, అదే ప్రోగ్రామ్ చూడకుండా టైప్ చేయండి. కాపీ పేస్ట్ చేస్తే చెయ్యి తిరగదు. ల్యాప్‌టాప్ లేదా? ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ తెరవండి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ అక్కడే రాసి నడపొచ్చు.

పైథాన్‌లో ఎర్రర్ వస్తే ముందు చివరి లైను చదవండి. తప్పేంటో అక్కడే ఉంటుంది, లైను నంబరు దానికి కాస్త పైన. 5, 5 ఇచ్చి కూడితే 55 వచ్చిందా? మనం టైప్ చేసింది తీసుకునే ఇన్‌పుట్ (input) ఫంక్షన్ మనకిచ్చేది అంకె కాదు, అక్షరాలు. అందుకే కూడకుండా పక్కపక్కన అతికిస్తుంది. కూడే ముందే ఒక్కో ఇన్‌పుట్‌ను విడిగా ఇంట్ (int) ఫంక్షన్ బ్రాకెట్లలో పెట్టండి, 10 వస్తుంది.