వానలు దిగేలోపు పాత విమానానికి ఈ జాగ్రత్తలు

నైరుతి వచ్చిందంటే రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలోనైనా కాకినాడ తీరంలోనైనా తేమ వదలదు. చమురు ప్లాట్‌ఫారాలకు తిరిగే హెలికాప్టర్లకు ఉప్పు కూడా తోడు. వయసైన వాటిని చెక్‌కి దింపే మన డెల్టా టెక్నీషియన్లు ముందు ఇవి చూసుకోండి.

– పాత రిపేర్‌ని రికార్డులో చదివి వదిలేయకండి, డ్రాయింగ్ పక్కన పెట్టుకుని చూడండి. 1978లో ఒక జపాన్ ఎయిర్‌లైన్స్ 747 విమానం వెనక బల్క్‌హెడ్‌కి (క్యాబిన్ ఒత్తిడిని ఆపే గోడకి) వేసిన అతుకులో, రెండు వరసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక్క వరస మీదే పడింది. ఏడేళ్లు ఎగిరి 1985లో తెగింది. 520 మంది పోయారు.

– ఎగిరిన గంటలొక్కటే చాలవు, ఎన్నిసార్లు ఎగిరి దిగిందో చూడండి. క్యాబిన్‌లో ఒత్తిడి పెరిగిన ప్రతిసారీ పైరేకు సాగుతుంది. 1988లో హవాయిలో పైకప్పు ఊడిపోయిన అలోహా ఎయిర్‌లైన్స్ 737 అప్పటికి 89,680 సార్లు ఎగిరింది, అదీ సముద్రపు గాలిలో.

– తీరంలో బోరు నీళ్లతో కడగొద్దు. చాలాచోట్ల అవి ఉప్పనే. మంచినీళ్లు వాడి, డ్రెయిన్ రంధ్రాల్లోంచి నీళ్లు పోతున్నాయో లేదో కళ్లారా చూడండి.

– రంగు పొంగిన చోట ఆగండి. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, తెల్లపొడిలా రాలుతుంది. రివెట్ తల వెనక నల్లటి చార ఉంటే చాలావరకు ఆ రివెట్ వదులైనట్టే. తుడిచేయకముందే ఫొటో తీసి చూపించండి.

– డ్రిల్ చేసేముందు వైర్ల కట్ట కప్పండి, రజను ఇన్సులేషన్‌ని కోసేస్తుంది.

– టాయిలెట్, గ్యాలీ (విమానంలో వంటగది) కింద నేల తప్పక విప్పి చూడండి.