టీవీ కలపగానే ట్యూబ్ ఆంప్లిఫయర్‌లో హమ్: ముందు విప్పవలసింది కేబుల్ వైరు

లక్షణం ఎప్పుడూ ఒకటే. రికార్డు ప్లేయర్ వింటున్నంతసేపు పేచీ పెట్టని ట్యూబ్ ఆంప్లిఫయర్, సెట్‌టాప్ బాక్సు ఆడియో వైరు గుచ్చగానే 'మ్‌మ్' అని ఒకే శ్రుతిలో మోగడం మొదలుపెడుతుంది. ఈ ఫిర్యాదుతో విశాఖలో నన్ను పిలిచినవారిలో చాలామంది అప్పటికే ట్యూబులు మార్చేసి ఉంటారు. కొందరైతే ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటు సరఫరాను సాఫీచేసే భాగాలు) కూడా మార్పించి ఉంటారు. ఆ ఆడియో వైరు పీకితే హమ్ ఆగిపోతున్నప్పుడు, తప్పు ఆంప్లిఫయర్ లోపల లేదని తెలుసుకోవడానికి అంత ఖర్చు అక్కరలేదు.

మొదటి పరీక్షకు అర నిమిషం చాలు. వాల్యూమ్ తగ్గించినప్పుడు హమ్ కూడా తగ్గితే, అది ఇన్‌పుట్ వైపు నుంచి వస్తున్నట్లు లెక్క. తరువాత ఆర్‌సీఏ పిన్నును, అంటే ఆడియో వైరు చివర గుచ్చే పిన్నును, సాకెట్‌లోనే అటూ ఇటూ తిప్పి చూడాలి. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి పిన్ను బయటి రింగు చిలుము పట్టి, గ్రౌండ్ సరిగా అందక హోరు పుడుతుంది. తిప్పినప్పుడు శబ్దం మారితే కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిస్తే సరిపోతుంది. పరికరాలన్నింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి కరెంటు ఇవ్వడం కూడా ఈ దశలోనే జరిగిపోవాలి.

ఇవన్నీ చేసినా హమ్ పోకపోతే, నన్ను ఒకసారి మూడు రోజులు తిప్పలు పెట్టిన కారణాన్ని అనుమానించాలి. లాసన్స్ బే కాలనీలో ఒక పెద్దాయన ఇంట్లో ఈఎల్84 ట్యూబుల ఆంప్లిఫయర్ ఉండేది. సెట్‌టాప్ బాక్సు ప్లగ్గును గోడ నుంచి పీకేసినా హమ్ ఏ మాత్రం తగ్గకపోవడంతో, కరెంటే లేని పెట్టె తప్పు చేయదని తీర్మానించుకుని నేను ఆంప్లిఫయర్ మీద పడ్డాను. మూడో రోజు సాయంత్రం, దుమ్ము తుడవడానికి ఆ పెట్టెను జరుపుతూ వెనుక ఉన్న కేబుల్ మరను విప్పితే, గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. "ఇప్పుడేం చేశావు బాబూ?" అని ఆయన వంటగదిలోంచి అడిగారు. కేబుల్ వైరు విప్పానని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

జరుగుతున్నది ఇది. ఆంప్లిఫయర్ ఛాసిస్ (లోహపు పెట్టె) మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటుంది. కేబుల్ వైరు పై అల్లిక (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు జాలి) మాత్రం వీధిలో ఆపరేటర్ పెట్టిన పరికరం దగ్గరో, డిష్ అయితే మేడ మీది ఇనుప స్టాండు దగ్గరో, వేరొక చోట నేలకు అంటుతుంది. ఈ రెండు ఎర్త్‌ల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ వల్ల 50 హెర్ట్జ్ కరెంటు కేబుల్ అల్లికలోంచి, ఆడియో వైరు అల్లికలోంచి, ఆంప్లిఫయర్ ఛాసిస్‌లోంచి చుట్టు తిరుగుతుంది. ఆడియో సిగ్నల్ తిరుగుదారి కూడా అదే అల్లిక కాబట్టి, అక్కడ పుట్టిన హమ్ పాటతో కలిసి లోపలికి పోతుంది. పెట్టె స్విచ్ ఆపినా లోపలి రేకులు కలిసే ఉంటాయి, అందుకే ప్లగ్గు పీకినా లాభం లేదు. ఆడియోను టీవీ నుంచి తీసుకున్నా తప్పించుకోలేము. హెచ్‌డీఎంఐ వైరు అల్లిక ఆ చుట్టును పూర్తి చేసేస్తుంది. పరీక్షించేటప్పుడు మరను వదులు చేసి వదిలేయకూడదు. బయటి రింగు సాకెట్‌ను ఆనుకుని ఉన్నంతవరకు హమ్ పోదు, కనుక వైరును పూర్తిగా బయటకు లాగి పట్టుకోవాలి.

కేబుల్ టీవీ అయితే, సెట్‌టాప్ బాక్సుకు ముందు ఆర్‌ఎఫ్ ఐసొలేటర్ (టీవీ సిగ్నల్‌ను పోనిచ్చి, అల్లిక కలయికను తెంచే చిన్న ముక్క) పెడితే పని అయిపోతుంది. కొనేముందు మల్టీమీటర్‌తో దాని రెండు చివరల రింగులను ముట్టించి చూడాలి. బీప్ వస్తే అది ఐసొలేటర్ కాదు, ఉత్త జాయింటు. డిష్‌కు ఈ ఉపాయం పనికిరాదు, ఎందుకంటే పైనున్న ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు ఉండే సిగ్నల్ అందుకునే పరికరానికి) 13 లేదా 18 వోల్టుల కరెంటు అదే వైరులో వెళ్లాలి. ఐసొలేటర్ దానిని ఆపేస్తుంది, బొమ్మ పోతుంది. అక్కడ ఆడియో వైపే చుట్టును తెంచాలి. ఆప్టికల్ ఔట్ (కాంతితో ఆడియో పంపే సాకెట్) ఉంటే ఒక చిన్న డీఏసీ, అంటే డిజిటల్ ఆడియోను మామూలు ఆడియోగా మార్చే పెట్టె, పెట్టి, టీవీ సెట్టింగుల్లో ఆడియోను పీసీఎం (మామూలు స్టీరియో డిజిటల్ రూపం)కు మార్చడం ఉత్తమం. లేదంటే ఆడియో వైరు మధ్యలో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయవచ్చు. చవకరకం వేస్తే బాస్ పలచబడుతుంది. దానిని ఆంప్లిఫయర్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే పెడితే అదే కొత్త హమ్‌ను పట్టుకుంటుంది.

ఆంప్లిఫయర్ ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. హమ్ పోయే మాట నిజమే, కానీ లోపల 300 వోల్టులకు పైబడిన సరఫరా ఉన్న పెట్టెకు ఆ పని చేస్తే, ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున ఛాసిస్‌తో పాటు దానికి కలిపిన ప్రతి రేకూ షాకు కొడుతుంది. ఛాసిస్ ముడితే జివ్వుమంటున్నా, టెస్టర్ వెలుగుతున్నా ఇంటి ఎర్త్ అందడం లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మన ఊరి గాలికి ఎర్తింగ్ గుంతలో కడ్డీ తుప్పుపట్టడం వింతేమీ కాదు.

ట్యూబు లోపల హీటర్ నుంచి కాథోడ్‌కు కరెంటు లీకేజీ, గదిలోని డిమ్మర్ స్విచ్ వంటివి అరుదు. పైవన్నీ తేలాకే వాటి జోలికి పోవాలి. ఇన్‌పుట్‌లు అన్నీ పీకేసినా 100 హెర్ట్జ్ బుర్రుమనే శబ్దం ఆగకపోతే మాత్రం అది ఫిల్టర్ కెపాసిటర్ల వ్యవహారం. మూత తీసేముందు ప్లగ్గు పీకి, వాటిలో మిగిలిన వోల్టేజీని రెసిస్టర్ ద్వారా దింపి, మీటర్‌లో సున్నా చూశాకే చేయి పెట్టాలి.