ఫోన్ ఫోకస్ చెడగొడితే నక్షత్రం రంగు తెలుస్తుంది

బెంగళూరు మిద్దె మీంచి చూస్తే వీధిదీపాల వెలుగులో చాలా చుక్కలు తెల్లగానే కనిపిస్తాయి. ఏది వేడిదో, ఏది చల్లనిదో పోల్చుకోలేం. నక్షత్రం రంగే దాని వేడిని చెబుతుంది. ఆ రంగు చూడ్డానికి టెలిస్కోప్ కొనక్కర్లేదు, ఫోన్ చాలు.

జనవరి చివర్లో రాత్రి తొమ్మిదిన్నరకి ఓరియన్ నక్షత్రరాశి దాదాపు నడినెత్తిన ఉంటుంది. ఫోన్‌ని ట్రైపాడ్‌కి బిగించి ప్రో మోడ్‌లో (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) ఐఎస్ఓ 800, షటర్ 4 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ 5200 పెట్టండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే రంగులు నమ్మడానికి లేదు. ఇప్పుడు ఫోకస్‌ని అనంతం గుర్తు నుంచి కొద్దిగా వెనక్కి జరపండి. ఫొటోని జూమ్ చేస్తే చుక్క బఠాణీ గింజంత బిళ్ళలా పరుచుకోవాలి. ఒకే బిందువు మీద వెలుగంతా పడితే సెన్సర్ నిండిపోయి తెలుపే మిగులుతుంది, పరుచుకుంటే అసలు రంగు బయటపడుతుంది. అప్పటికీ బిళ్ళ తెల్లగానే ఉంటే షటర్ 2 సెకన్లకి తగ్గించండి.

ఓరియన్‌లోని ఆర్ద్ర (బెటెల్‌జ్యూస్) నారింజ రంగులో వస్తుంది, దాని ఉపరితల వేడి సుమారు 3,500 కెల్విన్, వేడిని బట్టి నక్షత్రాలకిచ్చే తరగతుల్లో ఎమ్ తరగతి. అదే రాశిలో కిందున్న రైజెల్ అనే చుక్క నీలి తెలుపు, సుమారు 12,000 కెల్విన్, బి తరగతి. పక్కపక్కన చూస్తే ఎంత అందమో!

దిక్చక్రం నుంచి 30 డిగ్రీల లోపున్న చుక్కలకి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ గాలి పొర మందం, నీలం చెదిరిపోయి ఏ చుక్కైనా ఎర్రబడుతుంది. అలాగే వెలుగు పోల్చేటప్పుడు ఆర్ద్రని కొలబద్దగా పెట్టుకోకండి, దాని వెలుగు దానంతటదే మారుతుంటుంది. 2020 ఫిబ్రవరిలో బాగా మసకబారింది కూడా.